టైరు ప్రేలుట దైవికమా?

2022వ సంవత్సరము జూను 30వ తేది ఉదయమున తాడిమర్రి మండలమందలి చిల్లకొండయ్యపల్లి సమీపమున, కూలిపనికి పోవుచున్న స్త్రీల ఆటోపై విద్యుత్తీగ తెగిపడి, అయిదుగురు స్త్రీలు సజీవదహనమైన దారుణమును మన పాఠకులు మరచియుండరు. ఉడుత తీగలపైకి దుముకుటయే ఇందులకు కారణమని విద్యుత్సంస్థ అధికారులు నాడు చెప్పిరి. ఆ మాట దేశమంతటను పరిహాసపాత్రమయ్యెను. ఉడుత దుమికినంతమాత్రమున తీగ తెగి మనుష్యులపై పడవచ్చునా, రక్షణసాధనములు ఏమైపోయినవని జనులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని, అదే ప్రశ్నను మనము మన వాహనముల విషయమున వేసికొనుచున్నామా? ఎవరి కారో బోల్తాపడెనని వినినంతనే, "టైరు పేలినదట, ఏమి చేయగలము, వారి కర్మము" అని నిట్టూర్చి ఊరకుందుము. విద్యుత్సంస్థవారి ఉడుతను ఒప్పుకొనని మనము, మన టైరుకడకు వచ్చుసరికి నిరాక్షేపముగా ఉడుతను ఒప్పుకొనుచున్నాము.

ఈ కర్మవాదమును బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2023వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదిని స్పష్టముగా త్రోసిపుచ్చినది. 2010 అక్టోబరు 25వ తేదిని పూణెనుండి ముంబయికి పోవుచున్న ఒక కారు వెనుక చక్రము ప్రేలి, బండి లోతైన గోతిలో పడగా, అందొకరు మరణించిరి. మృతుని కుటుంబమునకు సుమారు కోటి యిరువదియైదు లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని ట్రిబ్యునలు తీర్పు చెప్పెను. భీమా కంపెనీవారు, టైరు ప్రేలుట దైవఘటన గనుక తమకు బాధ్యత లేదని అప్పీలు చేసిరి. దైవఘటన యనగా మనుష్యులకు వశముగాని ప్రకృతి ఉత్పాతమనియు, టైరు ప్రేలుట అట్టిది కాదనియు, అది మానవుల నిర్లక్ష్యమేననియు న్యాయమూర్తి డిగేగారు నిర్ణయించి అప్పీలును కొట్టివేసిరి. అధిక వేగము, చాలని గాలి లేక మితిమీరిన గాలి, పాత టైర్లు, వేడిమి మొదలగునవి ప్రేలుటకు కారణములని వారు పేర్కొనిరి. బయలుదేరుటకు ముందు టైరును పరీక్షించుట బండి నడుపువారి విధి యనుట ఈ తీర్పులోని సారము. ఈ తీర్పును ముంబయి వాసులకంటె మన సీమవాసులే ఎక్కువ శ్రద్ధతో చదువవలసియున్నదని మా అభిప్రాయము.

ఏలయన, తాడిమర్రి వంటి గ్రామములలో బండి అన్న పదమునకు అర్థమే మారిపోయినది. ఒకనాడు బండి యనగా ఎద్దులబండి. దాని ఇరుసు, ఆకులు, ఇనుపపట్టా రైతునకు కరతలామలకములు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని నవ్వుకొనుచునే, పొద్దుననే కందెన వేయక రైతు బండి కట్టెడివాడు కాడు. పట్టా వదులైనచో కమ్మరివానికడకు తీసికొనిపోయి, కాల్చి బిగింపించిన పిమ్మటనే వేరుసెనగ మూటలు ఎత్తెడివాడు. నేడు ఆ రైతు కుమారుడు కారు కొని, పెండ్లిపట్టుచీరలకు ధర్మవరమునకు, చికిత్సకు బత్తలపల్లికో అనంతపురమునకో, వ్యాపారమునకు 44వ జాతీయ రహదారిమీద బెంగుళూరునకు పోవుచున్నాడు. గంటకు రెండు క్రోసులు నడచిన బండికి చూపిన శ్రద్ధలో నాలుగవ వంతు, గంటకు నూరు కిలోమీటర్లు పరుగెత్తు బండికి చూపుట లేదు. కారును కడుగుదుము; నిమ్మకాయలు కట్టుదుము; టైరులో గాలి యెంత యున్నదో అడిగిన చెప్పజాలము.

టైరు చేయు పని యేమో మొదట గ్రహింపవలెను. కారు ఎంత పెద్దదైనను, భూమిని అంటియుండునది ఒక్కొక్క చక్రముక్రింద అరచేయి వెడల్పు రబ్బరు మాత్రమే. వేగము పెంచుట, మలుపు తిరుగుట, ఆపుట, ఈ మూడును ఆ నాలుగు అరచేతుల మీదుగనే జరుగవలెను. బరువును మోయునది రబ్బరు కాదు, లోని గాలి. గాలి తగ్గినచో టైరు ప్రక్కగోడలు ప్రతి చుట్టునకును వంగి లేచుచుండును. ఇనుపతీగను మాటిమాటికి వంచినచో వేడెక్కి విరుగునట్లు, ఆ గోడలును వేడెక్కి, లోపలి పొరలు విడిపోయి, తుదకు ప్రేలును. ఆ ప్రేలుడు మనకు క్షణములో జరిగినట్లు తోచును గాని, దానికి నాంది వారములకు ముందే, గాలి చూడని ఉదయమున జరిగియుండును.

ఇచ్చట మన ప్రాంతమున వ్యాపించియున్న ఒక దురభిప్రాయమును ఖండింపక తప్పదు. ఎండకాలమున గాలి వ్యాకోచించును గనుక, టైర్లలో గాలి తగ్గించి నడుపవలెనని పలువురు నమ్ముచున్నారు. కొందరు దారిలో ఆపి, వేడెక్కిన టైరునుండి గాలి తీసివేయుదురు. ఇది ప్రమాదమును చేజేతుల కొనితెచ్చుకొనుటయే. వేడికి పీడనము కొంత పెరుగుననుట నిజము. పది ఫారన్‌హీటు డిగ్రీలకు చదరపు అంగుళమునకు సుమారు ఒక పౌను పెరుగును. కాని కారు నిర్మించినవారు ఈ పెరుగుదలను లెక్కవేసియే కొలత నిర్ణయించిరి. వేడి టైరునుండి గాలి తీసినచో, అది చల్లారిన పిమ్మట గాలి చాలక, మరుసటి ప్రయాణమున మరింత వేడెక్కును. సరియైన కొలత డ్రైవరు తలుపు తెరచినచో ప్రక్కకంబముపై అంటించిన చీటిలో నుండును. ఆ చీటిలోని అంకె చల్లని టైరునకు చెప్పినది. కనుక తెల్లవారుజామున, బండి కదలకముందు, లేక ఒకటి రెండు కిలోమీటర్లలోపున చూపించుకొనవలెను. నిండు కుటుంబముతో, సామానుతో పోవునపుడు అదే చీటిలో వేరుగా చూపిన అధిక కొలతను పాటింపవలెను. నెలకొకసారియు, దూరప్రయాణమునకు ముందును ఇట్లు చేయుట చాలును. పెట్రోలు బంకులలో గాలి ఉచితముగా పట్టవలెనను నియమమున్నది, అడుగుటకు మొగమాటమెందులకు?

టైరుపై వ్రాసిన అక్షరములు అలంకారమునకు గాదు. 185/65 ఆర్ 15 88 హెచ్ అని యున్నదనుకొందము. వెడల్పు 185 మిల్లీమీటర్లు. ఎత్తు అందులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియలు. 15 అంగుళముల చక్రము. 88 అనగా ఒక్క టైరు 560 కిలోలు మోయగలదని. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్లు దాని పరమావధి యని అర్థము. ప్రక్కనే నాలుగంకెలు గల చిన్న గుర్తుండును. 2319 అని యున్న, అది 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని తెలియవలెను. కారు చావడిలో కట్టియుంచినను రబ్బరు ముసలిదగును. అయిదారు సంవత్సరములు దాటిన టైరును, అరుగకున్నను, ఏటేట తెలిసినవానికి చూపింపవలెను. అంగడిలో చౌకగా వచ్చు పాత టైరు కొనువారు ఈ నాలుగంకెలు చూడక కొనరాదు.

అరుగుదలకు చట్టమే హద్దు గీచినది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకును, ద్విచక్ర త్రిచక్ర వాహనముల గాడి 0.8 మిల్లీమీటరునకును తగ్గరాదు. గాడులలో అడ్డముగా చిన్న దిమ్మెలు పోతపోయబడియుండును. రబ్బరు ఆ దిమ్మెతో సమమైన నాడు టైరు ఆయువు తీరినట్లే. అరిగిన తీరు కూడ మాటలాడును. ఇరుప్రక్కల అంచులరిగిన గాలి చాలలేదని, నడుమ అరిగిన గాలి ఎక్కువైనదని, ఒక్క అంచే అరిగిన చక్రముల అలైన్‌మెంటు తప్పినదని తెలిసికొనవలెను. తుమ్మముండ్లకు కొదువలేని మన దారులలో మరియొక సంగతి: ట్యూబులేని టైరులో ముల్లు దిగినను గాలి ఒక్కసారిగ పోదు, దినదినము కొంచెముగ పోవును. వారమునకొకసారి గాలి తగ్గు చక్రమును మరల మరల నింపి నడుపుట, జ్వరము కారణము విచారింపక మందులు మ్రింగుట వంటిది. స్టెప్నీని కూడ మరువరాదు. అవసరమునకు తీసిన స్టెప్నీలో గాలి లేకుండుట, ఇల్లు కాలుచున్నపుడు బావి త్రవ్వుటయే.

ఇంత చేసినను టైరు ప్రేలిన ఏమి చేయవలెను? బ్రేకును ఒక్కుమ్మడిగ త్రొక్కరాదు. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టి, బండిని తిన్నగా నిలిపి, యాక్సిలరేటరునుండి కాలు మెల్లగా తీసి, వేగము తానుగా తగ్గిన పిమ్మట ప్రక్కకు చేర్పవలెను.

ఇక కారులోపలి రక్షణసాధనముల సంగతి. వీనిలో అగ్రస్థానము సీటు బెల్టుది. మూడుచోట్ల బిగియు నేటి బెల్టును వోల్వో కంపెనీలోని ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందింపగా, ఆ కంపెనీవారు దానిని ప్రపంచములోని కార్ల కంపెనీలన్నియు ఉచితముగా వాడుకొనుటకు విడిచిపెట్టిరి. అట్లు ఉచితముగ వచ్చిన ప్రాణదానమును మనము నిరాకరించుచున్నాము. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణింపగా, అందు 16,715 మంది బెల్టు ధరింపనివారని కేంద్ర రవాణాశాఖ లెక్క. వారిలో నడుపువారు 8,384 మంది. తక్కినవారు ప్రక్కనో వెనుకనో కూర్చున్నవారు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినైన ఢీకొని నిలిచినచో, బెల్టు లేని మనిషికి తగులు దెబ్బ సుమారు 14 మీటర్ల ఎత్తునుండి పడినదానితో సమానము. తాడి, మర్రి రెండును పేరులో గల గ్రామమువారికి తాడిచెట్టు పైనుండి పడుట ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

వెనుక సీటులో బెల్టు అనవసరమను భ్రమ చదువుకొన్నవారిలోను గలదు. 2022 సెప్టెంబరు 4వ తేదిని పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీగారు మిగుల ఖరీదైన కారులో, వెనుక సీటున, బెల్టు లేకుండ కూర్చుండి పాల్ఘర్ వద్ద మరణించుట ఈ భ్రమకు తగిన సమాధానము. వెనుక సీటుకును బెల్టు విధియే. ఉల్లంఘనకు వేయి రూపాయల జరిమానా గలదు. పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుతోనో తగిన పిల్లల సీటులోనో కూర్చుండబెట్టుట కూడ చట్టవిధియే. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు కూర్చుండు తల్లి, తన చేతుల బలమును నమ్ముకొనుచున్నది. ఢీకొను క్షణమున ఏ తల్లి చేతులును ఆ బరువును ఆపజాలవు. బెల్టు హెచ్చరిక కూత వినపడకుండ బొడిపెలు కొని గ్రుచ్చువారును గలరు. అట్టి బొడిపెల అమ్మకమును ఆపవలెనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 మే నెలలో ఆజ్ఞాపింపవలసివచ్చుట మనకు సిగ్గుచేటు.

గాలిసంచి, అనగా ఎయిర్‌బ్యాగు, బెల్టునకు తోడే గాని బదులు గాదు. రెప్పపాటుకంటె త్వరగా అది ఉబ్బును. బెల్టు లేక ముందుకు తూలినవానికి ఆ ఉబ్బే దెబ్బ యగును. ముందు బంపరునకు ఇనుపకడ్డీల చట్రము బిగించుట మగతనమను వారు, అది సంచి విచ్చుటకు అడ్డుపడవచ్చునని తెలియక చేయుచున్నారు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణాశాఖ దానిని తొలగింపవలెనని చెప్పినది. ఏబీఎస్ బ్రేకు చక్రమును బిగిసిపోనీయక, సెకనుకు పలుమారులు వదలి పట్టి, స్టీరింగు మన చేతిలో నిలుపును. కాలిక్రింద పెడలు వణకిన బెదరి కాలు తీయరాదు. గట్టిగా త్రొక్కియే యుంచవలెను. కాని, ఈ యంత్రము లన్నియు తమ పనిని తుదకు చేయించుకొనునది టైరుచేతనే. బోడిటైరుపై ఏబీఎస్, కట్టెకాలివానికి పరుగు నేర్పుట వంటిది.

భూస్వాములైన మన పాఠకులకు ఇంకొక విన్నపము గలదు. 2014 ఏప్రిలులో ఆళ్ళగడ్డ సమీపమున శోభా నాగిరెడ్డిగారి కారు, రోడ్డుపై ఆరబోసిన వడ్లకుప్పలను తప్పింపబోయి బోల్తాపడెననియు, ఆమె బెల్టు ధరింపకుండుటచే బయటకు విసరివేయబడిరనియు పత్రికలు తెలిపినవి. మరుదినమున ఆమె మరణించిరి. ఒక్క ప్రమాదమున రెండు లోపములు: ఒకటి కారులోనిది, ఒకటి రోడ్డు మీదిది. మన ప్రాంతమున ఉలవలు, రాగులు, కందులు, వేరుసెనగ రోడ్డుపై పరచి వాహనములచే త్రొక్కించుటయు, కుప్పల చుట్టు రాళ్ళు పేర్చి, వానిని తీయకయే పోవుటయు నిత్యకృత్యము. కళ్ళములు లేవనుట నిజమే. గ్రామమునకొక సిమెంటు కళ్ళము కట్టించుట పంచాయతీల విధి. కాని కట్టువరకు మన పంట ఇంకొకరి ప్రాణమునకు ఎసరు కాకుండ చూచుకొనుట మన విధి.

కూలి డ్రైవరును పెట్టుకొన్న యజమానులకును ఒక మాట. టైర్లు మార్పుడని డ్రైవరు అడిగినపుడు, "ఇంకొక పంట చూచి మార్పుదము" అనువారు గలరు. ప్రమాదము జరిగినచో నింద మోయునది డ్రైవరు. ప్రాణము పోవునది కుటుంబమునకు. నాలుగు టైర్ల వెల ఒక పెండ్లి పందిరి ఖర్చునకు చాలదు. రేపు తెల్లవారి కారు తాళము త్రిప్పుటకు ముందు చీటి చదివి, గాలి చూచి, గాడిలో దిమ్మె చూచి, వెనుక కూర్చున్న పెద్దలచేత సైతము బెల్టు పెట్టించుడు. ఇంత చేసిన పిమ్మట వచ్చు ఆపదనే దైవికమని పిలుచుటకు మనకు అధికారముండును.