పైకప్పుకు స్ప్రింక్లర్ ఉంటే సరిపోదు, పైపులో నీళ్లుండాలి

2022 మే 13న ఢిల్లీలోని ముండ్కా మెట్రో స్టేషన్ దగ్గర ఓ వాణిజ్య భవనం తగలబడి 27 మంది చనిపోయారు. ఆ భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ లేదు. అంతకు మూడేళ్ల ముందు, 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున, కరోల్‌బాగ్‌లోని అర్పిత్ ప్యాలెస్ హోటల్లో 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ హోటల్‌కు ఎన్‌వోసీ ఉంది.

అనుమతి లేని భవనంలో ప్రమాదం జరిగితే కారణం ఊహించవచ్చు. ఉన్నచోట కూడా ఎందుకు జరుగుతోంది? సర్టిఫికెట్ చెప్పేది తనిఖీ జరిగిన రోజు పరిస్థితి మాత్రమే. ఢిల్లీ ఫైర్ సర్వీస్ రూల్స్, 2010 ప్రకారం హోటళ్లు, ఆఫీసులు, మాల్స్ వంటి భవనాలకు ఇది మూడేళ్లు చెల్లుతుంది. ఈ మధ్యకాలంలో పరికరాలను పనిచేసే స్థితిలో ఉంచాల్సింది భవన యజమాని, దాన్ని వాడుకునేవారు. ఈ తేడా ఎంత పెద్దదో స్ప్రింక్లర్ల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఎలా పనిచేస్తాయి?

సినిమాల్లో చూపించినట్టు పొగ రాగానే అన్ని స్ప్రింక్లర్లూ ఒకేసారి నీళ్లు చిమ్మవు. ఒక్కోదాని నోటికి చిన్న గాజు బల్బు అడ్డుగా ఉంటుంది. వేడికి అందులోని ద్రవం వ్యాకోచించి బల్బు పగులుతుంది. ఎర్ర బల్బు 68 డిగ్రీల దగ్గర, పసుపు 79, ఆకుపచ్చ 93 డిగ్రీల దగ్గర పగిలేలా తయారుచేస్తారు. పగిలిన చోటి నుంచే నీళ్లు వస్తాయి. పైపులో ఒత్తిడి తగ్గగానే మొదట చిన్న జాకీ పంపు, అది చాలకపోతే ప్రధాన పంపు, కరెంటు పోతే డీజిల్ పంపు వాటంతటవే ఆన్ కావాలి.

ఎక్కడ చెడుతుంది?

ఎవరో రిపేరు కోసం వాల్వ్ కట్టేసి మళ్లీ తెరవరు. ఎక్కడో లీకేజీ ఉండి జాకీ పంపు మాటిమాటికీ ఆన్ అవుతుంటే, దాన్ని సరిచేయడం మానేసి ప్యానెల్‌ను ‘ఆటో’ నుంచి ‘మాన్యువల్’కు మారుస్తారు. డీజిల్ పంపు బ్యాటరీ చచ్చిపోతుంది. బోరు నీళ్లలోని లవణాలు, తుప్పు పైపుల్లో పేరుకుంటాయి. కింద నిలబడి పైకి చూసేవారికి ఇవేవీ కనిపించవు.

కొన్ని లోపాలు మాత్రం కళ్లెదుటే ఉంటాయి. ఆఫీసుకు రంగులు వేసేటప్పుడు స్ప్రింక్లర్ మీదా పూసేస్తారు. దానివల్ల బల్బు సమయానికి పగలకపోవచ్చు. రంగు పడినదాన్ని తుడిచి సరిపెట్టకుండా మార్చాల్సిందే. కొత్త పార్టిషన్ కడితే నీళ్లు అవతలి గదికి చేరవు. గోడౌన్‌లో సరుకును స్ప్రింక్లర్‌కు అడుగున్నర కంటే దగ్గరగా పేర్చినా అంతే.

ఎప్పుడేం చూడాలి?

స్ప్రింక్లర్ల ఏర్పాటుకు మనదేశంలో ఐఎస్ 15105 ప్రమాణం ఉంది. నిర్వహణకు అంతర్జాతీయంగా ఎన్‌ఎఫ్‌పీఏ 25ను అనుసరిస్తారు. దాని ప్రకారం డీజిల్ పంపును వారానికోసారి అరగంట నడపాలి. ఏడాదికోసారి ప్రతి స్ప్రింక్లర్‌నూ కింది నుంచి పరిశీలించి, పంపును పూర్తి ప్రవాహంతో పరీక్షించాలి. అయిదేళ్లకోసారి పైపుల లోపలి స్థితి చూడాలి. పైపు చివర ఉండే టెస్ట్ వాల్వ్‌ను నిర్ణీత వ్యవధుల్లో తెరిచి, నీళ్లు పారగానే అలారం మోగుతోందో లేదో చూడటం అన్నిటికంటే తేలికైన పరీక్ష. రిజిస్టర్‌లో సంతకాలున్నా, ఈ వాల్వ్ తెరిచినప్పుడు గంట మోగకపోతే ఆ సంతకాలకు విలువ లేదు.

ఢిల్లీలో ఒక అగ్నిమాపక శాఖ, నోయిడాలో ఉత్తర్‌ప్రదేశ్ శాఖ, గురుగ్రామ్‌లో హరియాణా శాఖ తనిఖీ చేస్తాయి. నిబంధనలు వేరైనా పైపుకు కావాల్సింది ఒకటే. ఆ భవనాల్లో అద్దెకున్న కంపెనీలు, ఉద్యోగులు మేనేజ్‌మెంట్‌ను మూడు ప్రశ్నలు అడగొచ్చు: పంపు ప్యానెల్ ఇప్పుడు ‘ఆటో’లో ఉందా? ఈ అంతస్తు వాల్వ్ తెరిచి ఉందా? చివరిసారి టెస్ట్ వాల్వ్ తెరిచినప్పుడు అలారం మోగిందా? మొదటి రెంటికీ జవాబు పంపు గదికి, వాల్వ్ దగ్గరికి వెళ్లి కళ్లారా చూసి తెలుసుకోవచ్చు. మూడోదానికి అనుమానం వస్తే, అప్పటికప్పుడు వాల్వ్ తెరిచి చూపించమనొచ్చు.