సంతకం ముందా, సూది ముందా?

నేను మందులు అమ్మను, రాయను, ఇవ్వను. ఆస్పత్రులు తిరిగి కాగితాలు చదువుతాను. చుట్టాలు నన్ను మెడికల్ రెప్ అనుకుంటారు. నిజానికి నేను క్లినికల్ రిసెర్చ్ మానిటర్‌ని. కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తున్నప్పుడు అంతా ఒప్పుకున్న పద్ధతిలోనే సాగుతోందా, పాల్గొన్నవారి హక్కులకు, భద్రతకు లోటు లేదా, కంపెనీకి చేరే అంకెలు నిజమేనా అని ఆ కంపెనీ తరఫునే వెళ్లి చూడటం నా పని.

ఎం.ఫార్మసీ అయ్యాక హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్నాను. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సూత్రాలు, 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అక్కడే వల్లె వేశాం. అసలు చదువు మాత్రం మా సీనియర్ మేడమ్ వెంట ఆస్పత్రికి వెళ్లాకే మొదలైంది. "సంతకం ఎప్పుడైంది, రక్తం ఎప్పుడు తీశారు?" అని అడిగారావిడ. రెండూ ఒకే రోజు అన్నాను. "తేదీ చాలదు బాబూ, టైము చూడు" అంటూ కన్సెంట్ ఫారం, ల్యాబ్ స్లిప్పు పక్కపక్కన పెట్టారు. ట్రయల్ కోసం చేసే ఏ పరీక్షైనా రోగి ఒప్పుకున్నాకే జరగాలి. చదువురాని రోగి అయితే, డాక్టరు వివరిస్తున్నంతసేపూ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి, సంతకమూ చేయాలి. ఆ గడిలో ట్రయల్ కోఆర్డినేటర్ పేరే కనిపిస్తే నేను అక్కడే ఆగాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో చాలా పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పినా, సంతకాల మాట మాసిపోలేదు.

తర్వాత నేర్చుకున్నది మూలలు వెతకడం. "జ్వరంతో రెండు రోజులు అడ్మిటయ్యాడు" అని ఓపీ చీటీలో ఎక్కడో ఒక ముక్క ఉంటుంది. ఆస్పత్రిలో చేరడం తీవ్రమైన ఘటన కింద లెక్క. మందు వల్లా కాదా అన్నది తర్వాతి మాట. ఘటన జరిగిన 24 గంటల్లోగా డాక్టరు కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు చెప్పాలి. ఫ్రిజ్‌లో మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలంటే, రోజూ రాసిన చార్టు చూస్తాను. నెలంతా ఒకే అంకె, ఒకే సిరా, ఆదివారాలు కూడా అదే చేతిరాత ఉంటే అనుమానించాల్సిందే.

అడిగే తీరు కూడా విద్యే. పెద్ద డాక్టరుతో "ఇది తప్పు సార్" అంటే మాట అక్కడితో తెగుతుంది. "ఈ రెండు టైముల్లో ఏది సరైందో చెప్తారా సార్?" అంటే ఆయనే ఫైలు తీసుకుంటారు. దిద్దాల్సింది రాసినవాళ్లే. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ పూయకూడదు.

నేను వెళ్లేది అప్పుడప్పుడే. అందుకే మీ ఇంట్లో ఎవరినైనా ట్రయల్‌లో చేరమంటే సంతకం చేసిన పత్రం కాపీ అడిగి తీసుకోండి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి కాబట్టి, ఆ నంబరూ అడగండి. ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నారని మామూలు వైద్యం ఆపకూడదు.