మెంతిపొడి, సముద్రపు నడక

నెల్లూరు వారికి మెంతుల మహిమ వేరే చెప్పనక్కరలేదు. వేయించి దంచిన మెంతిపొడి పడకపోతే చేపల పులుసుకు మా వైపు మర్యాద లేదు. అటువంటి మెంతులు ఈ మధ్య పోపులపెట్టె వదలి, రంగుడబ్బాలలో మందుల షాపుకు ఎక్కాయి. అవి కొలెస్టరాల్‌ను కరగిస్తాయనీ, దానికి తోడు రోజూ నడిస్తే ఇక డాక్టరు గడప తొక్కనక్కరలేదనీ ప్రచారం.

ఆ ప్రచారం మా ఇంటిదాకా వచ్చింది. మా బావగారి కాపురం మైపాడులో. మూడేళ్ళ క్రిందట గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడ్డ మనిషి. కిందటి సంక్రాంతికి నన్ను తెల్లవారుజామున లేపి సముద్రపొడ్డుకు తీసికొని వెళ్ళారు. ఆయన నడక అందుకోలేక నేనే ఆయాసపడ్డాను.

“చూశావటోయ్! పొద్దున చెంచాడు మెంతిపొడి, ఆపైన గంట నడక. ఆ కొలెస్టరాల్ బిళ్ళలు మానేసి రెండు నెలలయింది,” అన్నారు గర్వంగా.

“డాక్టరుగారితో చెప్పారా, బావా?”

“నా కాళ్ళు చెప్పడం లేదూ?”

నిజమే. కాని రక్తం సంగతి కాళ్ళకేం తెలుస్తుంది?

నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా పట్టుపట్టి చదివాను. మెంతుల మాట వట్టిది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కొందరు మధుమేహ రోగులకు 10 రోజులపాటు మెంతిపిండి కలిపిన భోజనం పెట్టి చూశారు. కొలెస్టరాల్ తగ్గిందని 1990లో ప్రకటించారు. అయితే పెట్టినది ఎంత? నూనె తీసిన పిండి, రోజుకు 100 గ్రాములు! మా బావగారి చెంచా ఎక్కడ, ఆ గిన్నె ఎక్కడ?

గుగ్గిలం కథ ఇంకా చిత్రం. దాని గుణాన్ని సుశ్రుతుడే చెప్పాడు. 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ సత్యవతి కుందేళ్ళపై పరీక్షించి, కొలెస్టరాల్ తగ్గుతుందని చూపారు. తరువాత అది మందుగా బజారుకూ వచ్చింది. కాని 2003లో అమెరికాలో 103 మందిపై 8 వారాలు జరిపిన పరీక్షలో, గుగ్గిలం తీసుకొన్నవారికి చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు కూడా వచ్చాయి. మూలిక గదా, చెరుపు చేయదులే అనుకోరాదు.

మరి నడక మాటో? నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని కొవ్వును ఇంధనంగా వాడుకొంటాయి. అందువల్ల ట్రైగ్లిసరైడ్లు తగ్గుతాయి. మంచి కొలెస్టరాల్ కొద్దిగా పెరుగుతుంది. దమ్ము, రక్తపోటు మెరుగుపడతాయి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. అదే తగిన వేగం. పొడి ఇసుకలో శ్రమ ఎక్కువ కాబట్టి గుండె జబ్బు వచ్చినవారికి అల తడిపిన గట్టి ఇసుకే మేలు.

ఇంత చేసినా, నడకవల్ల చెడు కొలెస్టరాల్ తగ్గేది స్వల్పమే. ఆ పని స్టాటిన్ బిళ్ళలది. కాలేయం కొలెస్టరాల్ తయారుచేయడాన్నే అవి తగ్గిస్తాయి. మానివేస్తే కొద్ది వారాలలో మళ్ళీ మొదటికే వస్తుంది. ఇవీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. 1970లలో జపానులో అకీరా ఎండో మొదటి స్టాటిన్‌ను వెలికితీసింది బూజులోనుంచే!

పండుగ వెళ్ళాక అక్కయ్య పోరు పడలేక బావగారు రక్తపరీక్ష చేయించుకొన్నారు. 70కి లోపు ఉండాలని డాక్టరు చెప్పిన చెడు కొలెస్టరాల్ 148 ఉంది. ఆ కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రే బిళ్ళ వేసుకొన్నారు.

నడక మానలేదు, మానవద్దని డాక్టరుగారే చెప్పారట. మెంతిపొడి డబ్బా మాత్రం అక్కయ్య వంటింట్లోకి చేరింది. మొన్న వెళ్ళినప్పుడు పులుసు మహా కమ్మగా ఉంది.