దిగబోయి లేచిన విమానం

విమానం ఎక్కడమంటే నాకు మొదటినుంచీ గుబులే. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఇతరుల రిస్కు లెక్కలు కడుతున్నవాణ్ణి. నా ప్రాణం దగ్గరకొచ్చేసరికి లెక్క తప్పుతుంది!

పోయిన వానాకాలంలో మా ఆవిడతో బెంగుళూరు నుంచి మంగుళూరు వెళ్ళాను. అక్కడి రన్‌వే కొండను చదును చేసి కట్టినది. అంచు దాటితే లోయ. కొబ్బరిచెట్లు దగ్గరయ్యాయి. ఇక చక్రాలు నేలకు తగులుతాయనగా ఇంజన్లు హోరుమన్నాయి. విమానం ముక్కు ఎత్తి మళ్ళీ ఆకాశంలోకి లేచింది.

"ఏమైందండీ?" అంటూ మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు నోరు పెగల్లేదు.

కాసేపటికి పైలట్ చెప్పాడు, వానలో రన్‌వే సరిగా కనబడలేదట. రెండోసారి హాయిగా దిగాం.

దీన్ని 'గో అరౌండ్' అంటారని తరువాత తెలుసుకున్నాను. దిగే తీరు కుదరకపోతే పైలట్ ఇంజన్ల జోరు పెంచి, చక్రాలు ముడిచి, పైకి వెళ్ళి మళ్ళీ వస్తాడు. ఇది ప్రమాదం కాదు, ప్రమాదాన్ని తప్పించే పద్ధతి. 2010 మే 22న ఆ మంగుళూరులోనే విమానం లోయలో పడి 158 మంది పోయారు. దిగవద్దని కో-పైలట్ హెచ్చరించినా కెప్టెన్ ఆగలేదని విచారణలో తేలింది.

లెక్క కుదరని కాగితాన్ని సంతకం పెట్టకుండా వెనక్కి పంపితే ఖాతాదారు విసుక్కుంటాడు. అలా ఎన్నో పంపినవాణ్ణి నేను. ఆ రోజు పైలట్ చేసిందీ అదే కదా!

ఈసారి ఇంజన్లు హోరెత్తితే మా ఆవిడకు నేనే ధైర్యం చెబుతాను. చెయ్యి మాత్రం వదలను.