మీ ఫ్రెండ్ మీతో చెప్పుకుంది... ఇప్పుడు మీరేం చెయ్యాలి?

ఈ రోజు టాపిక్ కొంచెం బరువైనది. లైంగిక దాడి, వేధింపుల గురించి మాట్లాడబోతున్నాం. మధ్యలో ఆపాలనిపిస్తే ఆపేయండి, తర్వాత చూడండి, నో ప్రాబ్లం.

ఏదైనా నేరం జరిగాక బాధితులు చాలాసార్లు ముందు ఎవరికి చెప్తారు? పోలీసులకు కాదు, లాయర్‌కి కాదు. రూమ్మేట్‌కి, అక్కకి, క్లాస్‌మేట్‌కి. అంటే మీకూ నాకూ. ఆ ఫస్ట్ ఐదు నిమిషాల్లో మనం ఏం మాట్లాడతామో దాన్ని బట్టే వాళ్లు ఇంకో మనిషికి చెప్తారా, లేక జన్మలో నోరు విప్పరా అన్నది తేలిపోవచ్చు. మంచి మనసు ఒక్కటే ఇక్కడ సరిపోదు. బాధితులకు తోడుగా ఉండటం నేర్చుకునే పని. దానికి ట్రైనింగ్ ఉంది, మెటీరియల్ ఉంది, చట్టంలో ఒక పోస్టు కూడా ఉంది.

ముందు నిలబెట్టండి, విచారణ తర్వాత

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఆన్-కాల్ డ్యూటీ పడేది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, ఎవరి కోడ్ వల్ల పడిపోయిందని ఆ టైంలో ఎవ్వరూ అడగరు. ముందు సర్వీస్ నిలబెడతారు. కారణాలు తర్వాత, తీరిగ్గా. స్టెప్ బై స్టెప్ ఏం చెయ్యాలో రాసిపెట్టిన డాక్యుమెంట్ ఒకటి ఉంటుంది.

మనుషుల విషయంలో కూడా అలాంటిది ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హింసకు గురైన మహిళలతో పనిచేసే హెల్త్ వర్కర్లకు నేర్పే పద్ధతి పేరు 'లైవ్స్'. అందులో ఐదు పనులు: వినడం, ఇప్పుడు ఏం అవసరమో అడగడం, నమ్ముతున్నామని చెప్పడం, భద్రత చూడటం, సాయం చేసేవాళ్లతో కలపడం. ఇది హెల్త్ వర్కర్ల కోసం రాసిందే కానీ ఫ్రెండ్‌కి కూడా పనికొస్తుంది.

గమనించారా? ఆ ఐదింటిలో 'ఏం జరిగిందో మొత్తం రాబట్టడం' లేదు. అది దర్యాప్తు చేసే పోలీసుల పని. మీరు "అంత రాత్రి అక్కడికి ఎందుకెళ్లావ్?", "అప్పుడే అరవొచ్చుగా?" అన్నారనుకోండి, మీకది మామూలు ప్రశ్న. వినేవాళ్లకు మాత్రం "తప్పు నీదే" అని వినిపిస్తుంది. భయంతో శరీరం బిగుసుకుపోవడం, అరవలేకపోవడం చాలామందికి జరుగుతుంది. డీటైల్స్ వరసగా గుర్తురాకపోవడం కూడా అంతే. దాన్ని బట్టి అబద్ధం చెప్తున్నారని అనుకోకూడదు.

మరి ఏం అనాలి? చాలా సింపుల్. "నువ్వు చెప్పినందుకు మంచిదైంది. నేను నిన్ను నమ్ముతున్నా. ఇందులో నీ తప్పు లేదు. ఇప్పుడు నువ్వు సేఫ్‌గా ఉన్నావా?" అంతే. తర్వాత నిశ్శబ్దం వస్తే రానివ్వండి. "అంతా సర్దుకుంటుందిలే", "వాడికి శిక్ష పడేలా నేను చూస్తా" లాంటి మాటలు వద్దు. అవి మన చేతుల్లో లేవు.

టైంతో ముడిపడ్డ పనులు

దాడి జరిగి కొద్ది గంటలో, రోజులో అయితే హాస్పిటల్ అర్జెంట్. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. వీలైతే స్నానం చెయ్యకుండా వెళ్లాలి, బట్టలు ప్లాస్టిక్ కవర్‌లో కాకుండా పేపర్ కవర్‌లో పెట్టాలి. ఇప్పటికే స్నానం చేసేశారా? పర్లేదు, అయినా వెళ్లాలి.

రేప్, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేట్ ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా ఫస్ట్ ఎయిడ్, ట్రీట్‌మెంట్ ఇవ్వాల్సిందే. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 397. "ముందు ఎఫ్‌ఐఆర్ తీసుకురండి" అని తిప్పి పంపే హక్కు వాళ్లకు లేదు. అలాగే "మా ఏరియా కాదు" అని పోలీస్ స్టేషన్‌లో కూడా అనకూడదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి.

ఫోన్‌లో బెదిరింపు మెసేజ్‌లు ఉంటే డిలీట్ చెయ్యనివ్వకండి. అలాగని స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టకండి. లైంగిక నేరాల బాధితుల పేరు, గుర్తుపట్టే వివరాలు ప్రచురిస్తే బీఎన్‌ఎస్ సెక్షన్ 72 ప్రకారం రెండేళ్ల దాకా జైలు. 'జస్టిస్ ఫర్' అని అసలు పేరుతో స్టేటస్ పెట్టేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

నిర్ణయం ఎవరిది?

ఇక్కడ జాగ్రత్తగా వినండి. బాధితులు పెద్దవాళ్లైతే కేసు పెట్టాలా వద్దా, ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. అక్కడ జరిగింది వాళ్ల ఇష్టం లేకుండా. ఇప్పుడు మనం కూడా వాళ్ల ఇష్టం లేకుండా స్టేషన్‌కి లాక్కెళ్తే ఎలా?

కానీ 18 ఏళ్లలోపు పిల్లలైతే రూల్ వేరు. పోక్సో చట్టం, 2012 సెక్షన్ 19 ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. అబ్బాయిలకు కూడా ఇదే చట్టం. కాబట్టి పిల్లలకు "ఎవ్వరికీ చెప్పను, ఒట్టు" అని మాటివ్వకండి. "నిన్ను సేఫ్‌గా ఉంచడానికి అవసరమైన వాళ్లకు మాత్రమే చెప్తా" అనండి.

సపోర్ట్ పర్సన్ అనే మనిషి

ఇది చాలామందికి తెలీదు. పోక్సో రూల్స్, 2020 ప్రకారం కేసు మొదలైనప్పటి నుంచి విచారణ అయ్యేదాకా పిల్లల పక్కన ఉండటానికి చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ఒక 'సపోర్ట్ పర్సన్'ని ఇవ్వొచ్చు. కేసు ఎక్కడిదాకా వచ్చింది, కోర్టులో ఏం జరగబోతోంది, ఏ సాయం అందుతుంది అన్నవి ఆ కుటుంబానికి చెప్తూ ఉండటం, విషయం బయటికి పొక్కకుండా చూడటం వాళ్ల పని. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఈ సపోర్ట్ పర్సన్ అవసరాన్ని తల్లిదండ్రుల ఇష్టానికి వదిలెయ్యకూడదని చెప్పింది. ఒక్కసారి ఊహించుకోండి, పదేళ్ల పాప, కూలి పనులు చేసుకునే అమ్మానాన్న, కోర్టు మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. వాయిదా అంటే ఏంటో చెప్పే మనిషి పక్కన లేకపోతే, నాలుగో వాయిదాకి వాళ్లు విసిగిపోయి రావడం మానేస్తారు. ఎవరో ఒకరు తోడుంటే నిలబడతారు. తేడా అక్కడే.

ఎవర్ని పట్టుకోవాలి?

సఖి వన్ స్టాప్ సెంటర్లు: 2015లో మొదలైన స్కీమ్ ఇది. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, లాయర్, కొన్ని రోజులు ఉండటానికి చోటు, అన్నీ ఒకే దగ్గర. 181కి కాల్ చేస్తే దారి చూపిస్తారు. హైదరాబాద్‌లో పోలీసులు 2016లో మొదలుపెట్టిన భరోసా సెంటర్ కూడా ఉంది.

అర్జెంట్‌గా ప్రమాదం ఉంటే 112. పిల్లల విషయమైతే 1098. ఉచిత లాయర్ కోసం 15100. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అప్లై చేసుకోవచ్చు. నిందితుడు దొరక్కపోయినా అడగొచ్చు.

మీరు నేర్చుకోవాలంటే

లైవ్స్ పద్ధతి ఉన్న హ్యాండ్‌బుక్, సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ గైడ్ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైట్‌లో ఫ్రీ. రెండో దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఇంకో అడుగు వెయ్యాలనుకుంటే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి పారా లీగల్ వాలంటీర్ల గురించి అడగండి. లా డిగ్రీ అక్కర్లేదు, ఎంపికైతే ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. వన్ స్టాప్ సెంటర్ల సిబ్బందికైతే బెంగళూరు నిమ్హాన్స్ 'స్త్రీ మనోరక్ష' పేరుతో ట్రైనింగ్ ఇస్తోంది. రోజూ ఇదే పని చేసేవాళ్లకు కూడా ట్రైనింగ్ అవసరమైందంటే, మనకు అవసరం లేదనుకోవడం ఎలా?

చివరిగా ఒకటి. ఇలాంటి కథలు విన్నాక మీకూ నిద్ర పట్టకపోవచ్చు. అది బలహీనత కాదు. టెలీ మానస్ 14416కి కాల్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ ఫ్రెండ్ పేరు చెప్పకుండా మీ బాధ చెప్పుకోవచ్చు.

ఇప్పుడే ఫోన్ తీసి 112, 181, 1098, 15100, 14416 సేవ్ చేసుకోండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కునే పని ఉండదు. మళ్లీ నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.