దర్జీ కుట్టిన పడవ

నాగార్జునసాగర్ దగ్గరో, తుంగభద్ర ఒడ్డునో పుట్టి ఎక్కినవాళ్లకి దాని తయారీ తెలిసే ఉంటుంది. వెదురు బద్దలతో పెద్ద బుట్ట అల్లి, వెనకటి రోజుల్లో అయితే తోలు, ఇప్పుడైతే తారు పూసిన పట్టా తొడుగుతారు. దుంగ తొలిచే పని లేదు, పలకలు కోసే పని లేదు. లోపల ఎముకల గూడు, పైన చర్మం, అంతే. ఒక్కటే చిక్కు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి తెడ్డు ఏ పక్క వేస్తే దానికి ఎదురు పక్కకి గిర్రున తిరుగుతుంది.

ఇదే ఉపాయాన్ని ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్‌లు, వాళ్లకన్నా ముందు అక్కడ బతికినవాళ్లు మరో దారి పట్టించారు. గుండ్రటిదాన్ని పొడుగ్గా, సన్నగా చేసి, పైకప్పు కూడా వేసి, మనిషి నడుము పట్టేంత రంధ్రం మాత్రం వదిలారు. కయాక్ అలా పుట్టింది. గ్రీన్‌లాండ్‌లో సక్కాక్ సంస్కృతి నాటి తవ్వకాల్లో దొరికిన కయాక్ ముక్కల వయసు 4,000 ఏళ్లకి దగ్గరలో ఉంది.

పడవ అనగానే వడ్రంగి గుర్తొస్తాడు. కయాక్ చరిత్రలో మాత్రం వడ్రంగిది రెండో స్థానమే అంటాను. అసలు పని సూదిది.

చెట్టు మొలవని నేల అది. సముద్రం కొట్టుకొచ్చిన కర్రలే వాళ్లకి కలప. ఆ కర్రల్ని మేకుల్లేకుండా తోలు తాళ్లతో కట్టేవారు. కట్టు కాబట్టి అల మీద చట్రం కాస్త వంగి, మళ్లీ సర్దుకుంటుంది, బిగుసుకుని విరిగిపోదు. చట్రం కట్టడం మగవాళ్ల పని. దాని మీద సీల్ చర్మాలు కప్పి కుట్టడం ఆడవాళ్ల పని. ఆ కుట్టు దగ్గర కాస్త ఆగి చూడాలి. రెండు చర్మాల అంచుల్ని ఒకదాని మీద ఒకటి మడిచి, సూదిని చర్మం మందంలో సగం దాకా మాత్రమే దింపి మళ్లీ పైకి తీస్తారు. రంధ్రం ఆవలికి పడదు. దారం కూడా జంతువు స్నాయువు నుంచి చీల్చిందే. తడిస్తే ఉబ్బి, ఉన్న కాస్త సందునీ తనే మూసేస్తుంది. గడ్డకట్టే నీటి మధ్య వేటాడే మనిషి ప్రాణం ఆ కుట్టు మీదే ఉండేది.

కొలతలకి టేపు లేదు. పడవ పొడుగు వేటగాడు చాచిన చేతుల బారకి మూడింతలు, వెడల్పు అతని నడుముకి రెండు పిడికిళ్లు అదనం. ఊరూరికీ ఈ లెక్క కొంచెం మారేది కానీ, ఎవరి ఒంటికి చేసింది వాళ్లకే. చొక్కా అంచుని కూర్చునే రంధ్రం చుట్టూ బిగించి కట్టేస్తే మనిషీ పడవా ఒకే తొడుగులో ఉన్నట్టు. అందుకే కయాక్‌ని ఎక్కుతారనడం కన్నా తొడుక్కుంటారనడం నాకు సబబుగా తోస్తుంది.

ఆ పొడుగు వెనక భౌతికశాస్త్రం ఉంది. పడవ కదిలితే ముక్కు దగ్గర అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగూ పెరుగుతుంది. అది పడవ పొడుగుతో సమానమయ్యేసరికి, పడవ తాను లేపిన అల పల్లంలోనే ఇరుక్కుంటుంది. ఆపైన వేసే తెడ్డంతా ఎదురుగా ఉన్న నీటి గట్టు ఎక్కడానికే సరి. 3 మీటర్ల పడవకి ఈ హద్దు గంటకి 8 కి.మీ. లోపే వచ్చేస్తుంది. 5 మీటర్ల పడవకి 10 కి.మీ. దాకా రాదు. బాగా సన్నటి పడవలు ఈ హద్దుని కాస్త దాటగలవు కూడా. సీల్‌ని వెంటాడేవాడికి ఆ తేడా చాలు.

ఐరోపా ఈ పడవని మొదట వింతగానే చూసింది. 18వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్‌లో అబర్డీన్ దగ్గర డాన్ నది ముఖద్వారానికి ఒక మనిషి కయాక్‌తో సహా కొట్టుకొచ్చాడు. అతని భాష ఎవరికీ అర్థం కాలేదు. మూడు రోజులకే చనిపోయాడు. ఎలా వచ్చాడో, ఎవరు పట్టుకొచ్చి వదిలారో తేలలేదు. పడవ మాత్రం అక్కడి విశ్వవిద్యాలయం భద్రపరిచింది. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాటిష్ లాయరు ఇన్యూట్ పద్ధతిలో, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నడిచే పడవ చేయించుకుని ఐరోపా నదుల్లో తిరిగి పుస్తకం రాశాడు. నదీ విహారం సరదాగా మారింది అతని వల్లే. కాని అతను చేయించుకున్నది చెక్క పడవ. ఆకారం వచ్చింది, చర్మం రాలేదు.

చర్మాన్ని తిరిగి తెచ్చింది రైలు. 1905లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ మ్యూనిక్‌లో వాస్తుశిల్పం చదువుతున్నాడు. కొండల్లో పుట్టే ఈజార్ నదిలో పడవ నడపాలని కోరిక. చెక్క పడవని రైలు డబ్బాలోకి ఎక్కించేదెలా? వెదురు కర్రలతో విడదీయగల చట్రం చేసి, తెరచాప గుడ్డ తొడిగాడు. బాట్ ట్యోల్ట్స్ దాకా పోయి, అక్కడ పడవని బిగించి, ఈజార్ వెంట మ్యూనిక్‌కి దిగి వచ్చాడు. పడవ పేరు డెల్ఫిన్.

ఆ నమూనా హక్కుల్ని 1907లో కొన్నది ఏ పడవల కంపెనీయో కాదు. రోజెన్‌హైమ్ ఊళ్లో బట్టలు కుట్టే యోహాన్ క్లెప్పర్ అనే దర్జీ. నా ఉద్దేశంలో కయాక్ కథలో ఇదే మలుపు. ఇన్యూట్ ఆడవాళ్ల చేతిలోంచి సూది మళ్లీ సరైన చేతికే చేరింది. చట్రం ఎలా ఉన్నా తొడుగు వదులైతే పడవ పనికిరాదని దర్జీకి వేరే చెప్పక్కర్లేదు.

క్లెప్పర్ పడవని బిగించడం ఒకసారి చూస్తే సంగతి తెలుస్తుంది. రెండు సంచుల్లోంచి యాష్ కర్రలు, బిర్చ్ ప్లైవుడ్ అడ్డ చట్రాలు బయటికి వస్తాయి. ముక్కు సగం ఒకటి, తోక సగం ఒకటిగా విడివిడిగా బిగించి, తొడుగులోకి చెరో వైపు నుంచి తోస్తారు. రెండు సగాలూ నడిమధ్య కలిసేచోట పైకి లేచి గూనిలా నిలబడతాయి. ఆ గూనిని అరచేతులతో కిందికి నొక్కితే కొక్కెం టక్కున పడుతుంది, తొడుగు పొడుగునా బిగుస్తుంది. 1950ల్లో వచ్చిన ఏరియస్ రకంలో పక్కలకి గాలి గొట్టాలు కూడా పెట్టారు. వాటిని ఊదితే అడ్డంగా కూడా బిగువు వస్తుంది, పడవ బోర్లా పడినా మునగదు. అడుగు రబ్బరు గుడ్డ. పైకప్పు మామూలు నూలు గుడ్డ. తడవగానే నూలు పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. స్నాయువు దారం చేసిన పనే ఇక్కడ నూలు చేస్తోంది.

సంచిలో పట్టే పడవ మనుషుల్ని ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి. ఆస్కర్ స్పెక్ అనే జర్మన్ ఎలక్ట్రీషియన్ ఆర్థిక మాంద్యంలో పని పోయి, 1932లో ఉల్మ్ పట్నం దగ్గర డాన్యూబ్‌లోకి మడత కయాక్‌తో దిగాడు. సైప్రస్ రాగి గనుల్లో పని దొరుకుతుందని ఆశ. అక్కడికి చేరాక ఆగాలనిపించలేదు. యూఫ్రటీస్ వెంట పర్షియా సింధుశాఖకి, అక్కణ్ణుంచి ఒడ్డొడ్డునే ఇండియా, సిలోన్, మద్రాసు, కలకత్తా, బర్మా. మద్రాసు నుంచి కలకత్తాకి ఒడ్డు పట్టుకుని వెళ్లాడంటే మన కోస్తా యావత్తూ అతని ఎడమచేతి వైపు సాగి ఉండాలి. కృష్ణ, గోదావరి సముద్రంలో కలిసేచోట్లు, విశాఖ, భీమిలి, కళింగపట్నం.

ఈ తీరంలో కెరటాల్ని దాటి ఒడ్డుకి రావడం తేలిక కాదు. అందుకే మన జాలర్లు మసూలా పడవల్ని మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసేవారు. కెరటం విసిరితే మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ కదిలి ఊరుకుంటుంది. ఇన్యూట్‌ల విద్యకీ, మన జాలరి విద్యకీ సంబంధం లేదు. ఇబ్బంది ఒకటే కాబట్టి జవాబూ ఒకటే వచ్చింది.

స్పెక్ ఏడేళ్లకి, దాదాపు 50,000 కి.మీ. ప్రయాణించి, 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకి చెందిన సైబాయి దీవి చేరాడు. పడవ మీద చిన్న స్వస్తిక జెండా. యుద్ధం అప్పుడే మొదలైంది. పోలీసులు అరెస్టు చేశారు. యుద్ధకాలమంతా నిర్బంధంలోనే గడిచింది.

ఆ యుద్ధం మడత పడవని కూడా సైన్యంలో చేర్చుకుంది. 1942 డిసెంబరులో బ్రిటిష్ మెరైన్లు పదిమంది ప్లైవుడ్ అడుగు, కాన్వాస్ పక్కలున్న మడత పడవల్లో జలాంతర్గామి నుంచి దిగి, రాత్రిళ్లు ఫ్రాన్స్‌లోని జిరోండ్ నదీముఖం వెంట ఎగువకి తెడ్లు వేసుకుంటూ బోర్డో రేవుకి బయల్దేరారు. ఓడలకి మందుపాతరలు అంటించగలిగారు. ప్రాణాలతో ఇంటికి వచ్చింది ఇద్దరే.

1956లో హాన్స్ లిండెమన్ అనే జర్మన్ డాక్టరు అట్లాంటిక్‌ని 5.2 మీటర్ల క్లెప్పర్ ఏరియస్‌లో 72 రోజుల్లో ఒంటరిగా దాటాడు. దారిలో పడవ బోర్లా పడింది. చీకట్లో సరిచేయలేక తెల్లారేదాకా దాని వీపు మీదే పడుకున్నాడు. ఏకాంతంలో, నిద్రలేమిలో మనసు ఎంతసేపు నిలబడుతుందో తన మీదే పరీక్షించుకోవడం అతని ఉద్దేశం. పరీక్షకి అతను నిలబడ్డాడు, పడవా నిలబడింది. 1928లో అట్లాంటిక్ దాటిన ఫ్రాంజ్ రోమర్‌కి ఆ అదృష్టం లేదు. ఆవలి ఒడ్డు చేరాక మళ్లీ బయల్దేరి, తుపానులో గల్లంతయ్యాడు.

తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది, 1970ల నుంచి పాలిథిన్ అచ్చులు. పాలిథిన్‌వి రాయికి గుద్దుకున్నా చెక్కుచెదరవు, ధరా తక్కువే. ఇప్పుడు టూరిస్టులకి అద్దెకిచ్చేవి ఎక్కువగా అవే. నాకు వాటిమీద గౌరవమే. కాని అవి కయాక్ ఆకారాన్ని పోతపోసినవి. కుట్టినవి కావు, ఎవరి ఒంటికీ కొలిచినవి అంతకన్నా కావు. మడత పడవే ఇన్యూట్ కయాక్‌కి నిజమైన వారసురాలని నా తీర్పు.

చివరగా ఒక హెచ్చరిక. బోర్లా పడిన కయాక్‌ని లోపల కూర్చునే తిరిగి లేపే విద్య ఇన్యూట్‌లకి బతుకుతెరువులో భాగం. తెడ్డుతో నీటి ఉపరితలాన్ని ఊడ్చినట్టు లాగి, నడుముతో పడవని తిప్పి, తలని అన్నిటికన్నా ఆఖర్న పైకి తేవాలి. తల ముందు లేపితే ఆ బరువుకే మళ్లీ మునుగుతారు. ఐరోపావాళ్లలో దీన్ని 1927లో ఆస్ట్రియాకి చెందిన ఎడీ పావ్లాటా పట్టుబట్టి నేర్చుకున్నాడు. గ్రీన్‌లాండ్‌లోనే ఆ విద్య నేర్చిన ఇంగ్లీషు అన్వేషకుడు జీనో వాట్కిన్స్ 1932లో ఒంటరిగా సీల్ వేటకి వెళ్లాడు. ఖాళీ కయాక్ దొరికింది, అతను దొరకలేదు. కాబట్టి గోదావరిలోనో, సముద్రంలోనో కయాక్ ఎక్కాలని ఉంటే ముందు లైఫ్ జాకెట్ వేసుకోండి. బోర్లా పడితే బయటికి రావడం ఎలాగో ఛాతీ లోతు నీళ్లలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని నేర్చుకోండి. గాలి ఒడ్డు మీంచి సముద్రం వైపు వీస్తున్న రోజు అసలు దిగకండి.