ఆఫీసుకీ... అనంతగిరికీ... ఒకే బండి!

కొత్త బండి కొన్నామని చెప్పగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతిస్తోంది?’. ధర ఎంతని కాదు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లని! 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక మన ఇళ్లలో మోటార్‌సైకిల్ కొనడమంటే మైలేజీ చూడటమే. 2001లో పల్సర్ వచ్చాక కుర్రాళ్లు ఆ ప్రశ్న పక్కన ‘పికప్ ఎలా ఉంది?’ అన్న ఇంకోటి చేర్చారు. ఇప్పుడు మూడోది మొదలైంది... ‘నడుం నొప్పి రావట్లేదా?’

అడుగుతున్నది పాతికేళ్ల కుర్రాళ్లు కాదు. ముప్ఫై అయిదు దాటి, వారమంతా ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్లి, ఆదివారం వస్తే భార్యనో స్నేహితుణ్నో వెనక కూర్చోబెట్టుకుని నాగార్జునసాగర్ దాకా వెళ్లి రావాలని ముచ్చట పడేవాళ్లు. వందసీసీ బండి హైవే మీద పక్కనుంచి లారీ వెళ్తే వణుకుతుంది. భారీ స్పోర్ట్స్ బైకు కొనే స్తోమత, ఓపిక రెండూ ఉండవు. అందుకే వీళ్ల చూపు మధ్యస్థంగా ఉండే 300, 350, 400 సీసీ బళ్ల మీద పడుతోంది.

ఒకప్పుడు ఈ తరగతిలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. బుల్లెట్... లేదంటే ఏ మిత్రుడి దగ్గరో మిగిలిపోయిన పాత యెజ్డి. బుల్లెట్ అంటే పోలీసు ఇన్‌స్పెక్టర్లు, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లు, ఊళ్లో మోతుబరులు. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. అదాటున ఎక్కినవాడు బ్రేకనుకుని గేరు తొక్కేవాడు. కిక్ కొట్టడానికి ఒక విద్య, స్టార్టయ్యాక అద్దంలో వెనకవాళ్లు కనిపించనంత వణుకు! ఇష్టమున్నవాళ్లు ఆ వణుకునీ ఇష్టపడ్డారు, అది వేరే సంగతి.

2020 నుంచి కథ మారింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350తో కొత్త ఇంజిన్ తెచ్చింది. పిస్టన్ కుదుపుని తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టడంతో వణుకు బాగా తగ్గింది. 2021లో క్లాసిక్, 2022లో హంటర్ అదే ఇంజిన్‌తో వచ్చాయి. 2020లోనే హోండా హైనెస్ సీబీ 350, అంతకు రెండేళ్ల ముందే జావా, 2023లో బజాజ్ తయారుచేసే ట్రయంఫ్ స్పీడ్ 400, హీరో తయారుచేసే హార్లీ ఎక్స్440... ఇలా షోరూముల్లో వరస కట్టాయి. చాలావరకు రెండు లక్షల అటూ ఇటూ వ్యవహారం. అయిదేళ్లో పదేళ్లో ఇంట్లో ఉండే వస్తువు. తప్పు బండి తెచ్చుకుంటే వాయిదాలు మాత్రం నెలనెలా కట్టాల్సిందే!

సోమవారం బండి కావాలి

షోరూంలో నిలబడ్డప్పుడు మనసులో మెదిలేది ఆదివారం. ఘాట్ రోడ్డు, మలుపులు, దాబా దగ్గర టీ... కానీ ఒక్కసారి లెక్కేద్దాం. ఆఫీసుకి రానూపోనూ 30 కిలోమీటర్లనుకుంటే, పాతిక రోజులకి 750. నెలకి రెండు ఆదివారాలు నూట యాభై చొప్పున తిరిగినా 300. అంటే ఆ బండి తిరుగుడులో దాదాపు మూడొంతుల్లో రెండొంతులకు పైగా సిగ్నళ్ల దగ్గరే, అదీ ఫస్టు, సెకండు గేర్లలోనే! కాబట్టి సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఏ బండి బావుంటుందో అదే కొనాలి. ఆదివారం ఏ బండైనా బాగానే ఉంటుంది.

ట్రాఫిక్‌లో బండికి కావల్సింది వేగం కాదు, తక్కువ వేగంలో లాగే శక్తి. దీన్నే టార్క్ అంటారు. స్ప్లెండర్ ఇంజిన్ టార్క్ సుమారు 8 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పుడు. క్లాసిక్ 350 ఇంజిన్ 4000 చుట్ల దగ్గరే 27 ఇస్తుంది. ఇంజిన్ని అరిపించక్కర్లేదు, ఊరికే గేర్లు మార్చక్కర్లేదు. మూడో గేర్లోనే నిమ్మళంగా స్పీడ్‌బ్రేకర్ దాటి మళ్లీ ఊపందుకోవచ్చు. గేరు మార్చడం తగ్గితే ఎడమచేతికి క్లచ్చు పని తగ్గుతుంది. మెహిదీపట్నం నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ వెళ్లేవాళ్లకి ఇది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పెద్ద ఇంజిన్ పుట్టించే వేడీ పెద్దదే. మే నెలలో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే మోకాళ్ల దగ్గర పొయ్యి పెట్టినట్టుంటుంది. లిక్విడ్ కూలింగ్ ఉన్న బళ్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే ఆ వేడిగాలి కాళ్ల మీదికే వస్తుంది. చలికాలంలో టెస్ట్ రైడ్ చేసి మురిసిపోయేవాళ్లు ఇది గమనించుకోవాలి.

సెల్లార్‌లో అసలు పరీక్ష

క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. హంటర్, హైనెస్‌లు 181. స్ప్లెండర్ 112. కదులుతున్నప్పుడు ఈ తేడా తెలియదు. తెలిసేదల్లా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, రెండు కార్ల మధ్య ఇరుక్కున్న బండిని వెనక్కి నెట్టేటప్పుడు! ర్యాంపు మీద వాచ్‌మన్ సాయం పట్టాల్సి వస్తే ఆ బండి మీకు బరువే. షోరూం వాళ్లు బండిని గచ్చు మీద నిలబెట్టి చూపిస్తారు. మీరు మాత్రం బయట కాస్త వాలుగా ఉన్నచోట కూర్చుని, కాళ్లతో వెనక్కి నెట్టి చూడాలి.

అప్పుడే సీటు ఎత్తు సంగతి కూడా తేలిపోతుంది. మీటియర్ సీటు నేలకి 765 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, హైనెస్‌ది 800, క్లాసిక్‌ది 805. నాలుగు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి అది పాదం పూర్తిగా ఆనడానికీ, మునివేళ్లు ఆనడానికీ మధ్య తేడా. ఆగిన బండి ఒరిగితే మునివేళ్లు ఆపలేవు. సీటు వెడల్పు కూడా చూసుకోవాలి. వెడల్పాటి సీటు కాళ్లని దూరం చేసి, కాగితం మీద తక్కువ ఎత్తున్న బండిని కూడా ఎత్తు చేసేస్తుంది.

ఇక నడుము. చాలామంది చేసే పొరపాటు- కాళ్లు బారజాపి, వెనక్కి వాలి కూర్చునే క్రూజర్ బండే సుఖమనుకోవడం. చూడ్డానికి పడక్కుర్చీలా ఉంటుంది నిజమే. కానీ ఫుట్‌రెస్టులు బాగా ముందుకి ఉంటే గుంత వచ్చినప్పుడు వాటి మీద బరువేసి కాస్త పైకి లేవలేం. దెబ్బంతా తిన్నగా వెన్ను అడుగునే తగులుతుంది. మన రోడ్లకి ఇది చిన్న విషయం కాదు. పోనీ అని స్పోర్ట్స్ బైకులా ముందుకి వంగి కూర్చుంటే బరువు మణికట్ల మీద పడుతుంది, మెడ పట్టేస్తుంది. పాదాలు దాదాపు మోకాళ్ల కింద, వీపు నిటారుగా, మోచేతులు కొంచెం వంగి... ఇలా కుర్చీలో కూర్చున్నట్టుండే బండే రోజూ తిరిగేవాళ్లకి సుఖం. సీటు మెత్తగా ఉందని కూడా మురిసిపోకూడదు. మరీ మెత్తటి స్పాంజి గంట తర్వాత అణిగిపోయి కింది చట్రం తగులుతుంది. కాస్త గట్టి సీటే వందో కిలోమీటరు దగ్గర కూడా మర్యాదగా ఉంటుంది.

వెనక కూర్చునేవారి మాటేంటి?

మన దగ్గర బండి కొనేది ఒకరు, ఓటు వెయ్యాల్సింది ఇద్దరు. కానీ టెస్ట్ రైడ్‌కి మాత్రం మగాయన ఒక్కడే వెళ్తాడు. వారం తిరక్కుండానే ‘ఈ బండెక్కను’ అన్న మాట ఇంట్లో వినపడుతుంది. ఎందుకు వినపడదు? కొన్ని బళ్ల వెనక సీటు పీటంత! పట్టుకోవడానికి ఆసరా ఉండదు. ఫుట్‌రెస్టులు పైకి ఉండి మోకాళ్లు గడ్డానికి తగిలేట్టుంటాయి. అలా నూట యాభై కిలోమీటర్లు వెళ్లి రావడమంటే శిక్షే.

వెనకవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రానికి సగం వరకు అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. మనం శారీగార్డ్ అనేది దాన్నే. బండి అందం చెడుతోందని కొన్న మర్నాడే దాన్ని పీకించేసే కుర్రాళ్లున్నారు. చీర కొంగో చున్నీయో చక్రంలో పడితే ఏమవుతుందో ఎముకల డాక్టర్లని అడగాలి. ఇక హెల్మెట్ రెండోది కూడా బండితోపాటే కొనాల్సిందే, వెనకవాళ్లకీ చట్టప్రకారం తప్పనిసరి.

నూట నలభై ఎక్కడ తోలతారు?

‘టాప్ స్పీడెంత?’ అనేవాళ్లకి ఒక మాట. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకి అనుమతి లేదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా లేదు. మిగిలిన హైవేల మీద ఎదురుగా రాంగ్‌రూట్లో ట్రాక్టర్ రావచ్చు, గేదెలు అడ్డురావచ్చు. ఎనభై, తొంభైల్లో అలుపు లేకుండా పోయే బండి చాలు. స్పీడ్ 400లాంటివి 40 హార్స్‌పవర్‌తో దూసుకెళ్తాయి, ఆ సరదా వేరే. కానీ విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కడానికి అంత అక్కర్లేదు.

వేగం కన్నా ముందు బ్రేకులు చూడండి. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న వాటికి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అయితే ముందు చక్రానికి ఒక్కదానికే ఉన్నా నిబంధనకి సరిపోతుంది. అందుకే కొన్ని మోడళ్ల చౌక వేరియంట్లలో వెనక చక్రానికి ఏబీఎస్ ఉండదు. వానకి తడిసిన ఘాట్ రోడ్డులో ఇద్దరితో దిగేటప్పుడు ఆ పదో పదిహేనో వేల తేడా విలువ తెలుస్తుంది. రంగు కోసం పెట్టే డబ్బు దీనికి పెట్టడం నయం. చక్రాలూ అంతే. స్పోక్ చక్రాలు పాతకాలపు అందంతో మెరుస్తాయి కానీ చాలావాటిలో ట్యూబు ఉంటుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవిలో పంక్చరైతే ఆ అందం అక్కరకు రాదు. అల్లాయ్ వీల్, ట్యూబ్‌లెస్ టైరైతే మేకు గుచ్చుకున్నా గాలి నెమ్మదిగా దిగుతుంది, ఊరు చేరొచ్చు.

350 దగ్గర ఒక గీత

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది దాటితే సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది కాస్తా 40 అయింది. అంటే పన్నుకి ముందు లక్షన్నర ఉండే బండి మీద ఒకవైపు 27 వేలు, ఇంకోవైపు 60 వేలు! బీమాకీ ఇక్కడే గీత. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో కొత్త బండికి అయిదేళ్ల థర్డ్‌పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, ఆపైన 15,117. ఈ బళ్లు చాలావరకు 348, 349 సీసీల దగ్గర ఆగడం మధ్యతరగతికి కలిసొచ్చింది. నాలుగొందల సీసీ బండి మీద నిజంగా మనసుంటే తప్ప గీత దాటక్కర్లేదనే అనిపిస్తుంది.

సరే, ఎంతిస్తోంది మరి? 350 బండి లీటరుకి 35 ఇస్తే సంతోషించాలి. స్ప్లెండర్ లాంటిది 60 ఇస్తుందనుకుంటే ఆ 750 కిలోమీటర్ల ఆఫీసు తిరుగుడుకి నెలకి తొమ్మిది లీటర్ల తేడా. లీటరు వంద దాటిన రోజుల్లో దాదాపు వెయ్యి రూపాయలు. వాయిదాతో పాటు ఇదీ కలిపి చూసుకోవాలి. రోజుకి అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే మరో ఆలోచన చెయ్యొచ్చు... ఉన్న చిన్నబండిని ఆఫీసుకి ఉంచుకుని, సెలవులకి సెకండ్‌హ్యాండ్ 350 చూసుకోవడం. అప్పుడు ఆర్సీలో ఫైనాన్స్ పేరుందా, ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 ఉన్నాయా అన్నది ఇంజిన్ చప్పుడుకన్నా ముందు చూడాలి. సైలెన్సర్ మార్చిన బండైతే పాతది కూడా ఇమ్మనండి. మోత పెట్టే సైలెన్సర్లని పోలీసులు రోడ్‌రోలర్ కింద తొక్కిస్తున్న ఫొటోలు మన పేపర్లలోనే వస్తున్నాయి.

అన్నీ చూసుకుని ఒకటి రెండు బళ్ల దగ్గర ఆగారనుకోండి. టెస్ట్ రైడ్ ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద కాకుండా పనిరోజు సాయంత్రం అడగండి. షోరూం చుట్టూ ఒక రౌండు కాదు, అరగంట కావాలని చెప్పండి. వెనక సీటు ఓటరుని వెంట తీసుకెళ్లండి. ఒక గతుకుల గల్లీ, ఒక ఫ్లైఓవర్, ఒక యూటర్న్ ఉండేలా చూసుకోండి.

బండి ఇంటికొచ్చి, పూజయ్యి, నిమ్మకాయలు తొక్కించాక ఆ వారమే శ్రీశైలం బయల్దేరొద్దు. మొదటి 500 కిలోమీటర్లు ఇంజిన్ని తొందరపెట్టకుండా తోలి, తొలి సర్వీసు చేయించండి. పైగా శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూసేస్తారు, తెల్లారకముందే వెళ్లి అక్కడ పడిగాపులు కాయాలి. తొలి ప్రయాణానికి అనంతగిరి చాలు. ఒకవైపు ఎనభై కిలోమీటర్ల లోపే. చేవెళ్ల మర్రిచెట్లకి పేరుపడ్డ దారిలో అయిదున్నరకి బయల్దేరితే ఎనిమిదింటికల్లా వికారాబాద్‌లో వేడివేడి ఇడ్లీ తినొచ్చు.